ఎక్స్‌రేలకు ‘ఇన్‌విజిబుల్ వాటర్‌మార్క్’ లైబ్రరీ: జేపీజీ కాపీకి సరే, డైకామ్ ఫైలుకు వద్దు

పైథాన్‌లో కంటికి కనబడని గుర్తు వేయడానికి ఉచితంగా దొరికే లైబ్రరీల్లో ‘ఇన్‌విజిబుల్ వాటర్‌మార్క్’ బాగా వాడుకలో ఉంది. బొమ్మలు గీసే ఏఐ స్టేబుల్ డిఫ్యూజన్ బొమ్మలకు గుర్తు వేసింది దీనితోనే. పైథాన్ ఇన్‌స్టాలర్ పిప్‌తో ఇన్‌స్టాల్ చేసుకుంటే మిగతాది నాలుగైదు లైన్ల కోడ్. 256×256 కంటే చిన్న బొమ్మను తీసుకోదు.

మెడికల్ ఇమేజ్‌ల దగ్గరే అసలు చిక్కు. దీని డీఫాల్ట్ పద్ధతి (డీడబ్ల్యూటీ-డీసీటీ) బొమ్మను వెలుగు, రంగు భాగాలుగా విడదీసే వైయూవీ రూపంలోకి మార్చి, గుర్తును యూ ఛానెల్‌లో, అంటే రంగు భాగంలో దాస్తుంది. ఎక్స్‌రేలో రంగే లేదు. యూ ఛానెల్ మొత్తం 128 దగ్గర చదునుగా ఉంటుంది. గుర్తు వేయగానే బూడిద బొమ్మలో సన్నటి నీలి, పసుపు ఛాయల గళ్లు పుడతాయి. ఆ ఫైలును ఎవరైనా మళ్లీ గ్రేస్కేల్‌లో సేవ్ చేశారా, గుర్తు దాదాపు తుడిచిపెట్టుకుపోతుంది. ఎస్‌వీడీ అనే గణిత ప్రక్రియ కలిపిన రెండో పద్ధతిదీ ఇదే దారి. మూడోదైన రివాగాన్ (న్యూరల్ నెట్‌వర్క్‌తో గుర్తు వేసేది) 32 బిట్లకు మించి మోయదు.

ఇంకోటి, ఇది 8 బిట్ల బొమ్మలకే. సీటీ పిక్సెల్ సాధారణంగా 12 బిట్లు, అంటే 4096 స్థాయిలు. వాటిని 256కు కుదిస్తే హౌన్స్‌ఫీల్డ్ విలువలు (కణజాల సాంద్రతను చూపే సీటీ కొలతలు) పోతాయి. అందుకే రోగ నిర్ధారణకు వాడే డైకామ్ (మెడికల్ స్కాన్లను దాచే ప్రామాణిక ఫార్మాట్) ఫైలు మీద దీన్ని అస్సలు వాడకూడదు.

క్లాసు స్లైడ్లకు, బయటికి పంపే జేపీజీ కాపీలకు మాత్రం పనికొస్తుంది. 512×512 బొమ్మలో గుర్తు బిట్లను దాచే చిన్న గడులు, అంటే బ్లాకులు, 4096 వస్తాయి. 32 బిట్ల గుర్తయితే ఒక్కో బిట్ 128 సార్లు పడుతుంది కాబట్టి మామూలు జేపీజీ కుదింపుకు తట్టుకుంటుంది. సైజు మార్చినా, అంచులు కత్తిరించినా బ్లాకుల వరుస జరిగిపోయి డీకోడర్ తప్పు చదువుతుంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే సైజు తగ్గే అవకాశముంది, డాక్యుమెంట్‌గా పంపండి. ఏ మార్పూ చేయకున్నా నూటికి నూరు శాతం సరిగా చదువుతుందన్న హామీ లేదని తయారీదారులే రాశారు. అందుకని వేసిన ప్రతి ఫైలునూ సేవ్ చేశాక తిరిగి తెరిచి, డీకోడ్ చేసి సరిచూడాలి.

గుర్తుగా రోగి పేరు పెట్టవద్దు. దీనికి రహస్య కీ లేదు. బిట్ల సంఖ్య తెలిసినవారెవరైనా చదివేస్తారు. పైగా యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి కనీసం 3 బైట్లు పడతాయి. 4 బైట్ల సంఖ్యా కోడ్ చాలు. అది ఎవరిదో మీ రిజిస్టర్‌లో ఉంచుకోండి.

డైకామ్‌కే గుర్తు కావాలంటే డైకామ్ ఫైళ్లను చదివి రాసే పైథాన్ లైబ్రరీ పైడైకామ్‌తో, వెనక్కి తీయగలిగే హిస్టోగ్రామ్ షిఫ్టింగ్ (పిక్సెల్ విలువలను కొద్దిగా జరిపి గుర్తు దాచే పద్ధతి) మేలు. ఫైలు కుదించి ఉంటే ముందు డీకంప్రెస్ చేయండి. పిక్సెల్ డేటాకు ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (డేటా మారిందో లేదో తేల్చే వేలిముద్ర లాంటి సంఖ్య) తీస్తే 32 బైట్లు వస్తాయి. ఎక్కువ పిక్సెళ్లున్న విలువను ఎంచుకుని, దానికీ ఒక్క పిక్సెలూ లేని ఖాళీ విలువకూ మధ్యవాటిని ఒక మెట్టు జరిపి ఆ హ్యాష్‌ను దాచాలి. ఆ రెండు విలువలనూ విడిగా భద్రపరచకపోతే అసలు బొమ్మ తిరిగి రాదు. సీటీలో స్కాన్ వలయం బయటి ఖాళీని నింపే ప్యాడింగ్ విలువను మాత్రం ఎంచుకోవద్దు: అది -2000 నుంచి -1999కి జరిగితే చాలు, వ్యూయర్ దాన్ని ప్యాడింగ్‌గా గుర్తించదు. చివరగా కొత్త ఎస్‌ఓపీ ఇన్‌స్టెన్స్ యూఐడీ (ఒక్కో డైకామ్ బొమ్మకు ఉండే ప్రత్యేక సంఖ్య) ఇచ్చి, ఇమేజ్ టైప్‌ను ‘డెరైవ్డ్’ (అసలు నుంచి తయారైనది)గా మార్చి, ఒక్క పిక్సెల్ విలువా మారని లాస్‌లెస్ పద్ధతిలోనే సేవ్ చేయాలి.