కాకినాడ నుంచి వెళ్లి బోసియెట్ చేశా, ట్రైనింగ్ బాగుంది, జాబ్ మాటే నమ్మొద్దు

సముద్రంలో చమురు తవ్వే రిగ్ మీద రౌస్టబౌట్ (డెక్కు మీద కూలి పని) జాబ్ కోసం బోసియెట్ అనే ఈ సేఫ్టీ కోర్సు చేశానండి, 3 రోజులు, సర్టిఫికెట్ 4 ఏళ్లు చెల్లుతుంది. ట్రైనింగ్ మాత్రం నిజంగా బాగా ఇచ్చారు. రిగ్‌కి వెళ్లే హెలికాప్టర్ నీళ్లలో పడితే ఎలా బయటపడాలో నేర్పడానికి, హెలికాప్టర్ లాంటి డబ్బాలో బెల్టు పెట్టి కూర్చోబెట్టి పూల్‌లోకి దింపి తలకిందులు చేస్తారు, ముక్కులోకి నీళ్లు పోతున్నా ఒక చెయ్యి కిటికీ అంచు మీద, ఇంకో చెయ్యి బకిల్ మీద పెట్టుకుని అది తిరగడం ఆగేదాకా ఓర్చుకుని అప్పుడు బయటికి రావాలి. మొదటిసారి ప్రాణం పోయినంత పనైంది, సార్ భుజం తట్టి దగ్గరుండి మళ్లీ చేయించారు, ఆయనకి దండం పెట్టాలి.

కానీ చేరేటప్పుడు ప్లేస్‌మెంట్ గ్యారంటీ అన్నారు, తీరా అయ్యాక ఫోనెత్తట్లేదు. అమ్మ గాజులు తాకట్టు పెట్టి కట్టిన ఫీజు, చాలా బాధేసింది. తమ్ముళ్లూ, ఈ సర్టిఫికెట్ రిగ్ ఎక్కడానికే, జాబ్ ఇప్పించదు. ఆ పని కూడా డెక్కు కడగడం, పెయింటు, క్రేన్ లోడ్లకి స్లింగులు కట్టడం, 12 గంటల షిఫ్టు, ఒళ్లు వంచాల్సిందే. గల్ఫ్ రిగ్ అని ఏ ఏజెంటైనా డబ్బులడిగితే ముందు గవర్నమెంటు వాళ్ల ఈమైగ్రేట్ సైట్‌లో ఆ ఏజెంటుకి రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోండి, 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదు.