కాటి సీను కోసం తెనాలి వెళ్లాం

మా నాన్నకు డెబ్భై ఆరేళ్లు. పుట్టింది రేపల్లె దగ్గర, ఇప్పుడు మాతోపాటు కూకట్‌పల్లిలో ఉంటున్నారు. రాత్రి నిద్ర పట్టకపోతే, హరిశ్చంద్ర వేషానికి పేరుపడ్డ డి.వి. సుబ్బారావు గారి కాటి సీను, అంటే హరిశ్చంద్రుడు కాటికాపరిగా ఉండే శ్మశానం సీను, ఫోన్‌లో పెట్టుకుని వింటారు. పోయిన ఏడాది నగరంలోనే ఒక ఏసీ హాల్లో ‘సత్య హరిశ్చంద్ర’ వేస్తున్నారని తెలిసి తీసుకెళ్లాను. మెత్తని సీట్లు, శుభ్రమైన సౌండు. రెండు గంటల్లో నాటకం అయిపోయింది. బయటికొచ్చాక “బాగుంది కదా నాన్నా?” అని అడిగితే, “బాగానే పాడారమ్మా. ఒక్కరన్నా వన్స్ మోర్ అనలేదు” అన్నారు.

ఆ మాట నన్ను వదల్లేదు. అందుకే ఈసారి శ్రీరామనవమికి నేను, నాన్న, ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి తెనాలి బయల్దేరాం. వేమూరు దాటాక లోపలికి ఉన్న ఒక చిన్న ఊళ్లో నవమి పందిరిలో రాత్రికి హరిశ్చంద్ర వేస్తున్నారని మా చుట్టాలబ్బాయి చెప్పాడు. వారణాసి సీనుకు ఒక హరిశ్చంద్రుడు, కాటి సీనుకు ఇంకో హరిశ్చంద్రుడు. పద్యనాటకాల్లో ఇది ఎప్పటినుంచో ఉన్న అలవాటే. ఒక్క గొంతు తెల్లవార్లూ ఆ రాగాలను మోయలేదు. పైగా కాటి సీనుకే పేరు పడిన నటులు వేరుగా ఉంటారు. “రెండో హరిశ్చంద్రుడు ఎవరట?” అన్నదే నాన్న అడిగిన మొదటి ప్రశ్న.

పొద్దున్నే లింగంపల్లిలో జన్మభూమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నల్గొండ, గుంటూరు మీదుగా తెనాలిలో దిగొచ్చు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు ఇదే సుఖం. బస్సులో అన్ని గంటలు మోకాళ్లు ముడుచుకుని కూర్చోవడం నాన్న వల్ల కాదు. పిడుగురాళ్ల దాటాక కిటికీలోంచి వచ్చే వేడిగాలికి తడి తువ్వాలు పట్టుకోవాల్సి వచ్చింది. ఏప్రిల్లో వెళ్తే ఏసీ బోగీకి డబ్బు పెట్టడమే మంచిది. మేం పెట్టలేదు, ఆ తప్పు మీరు చేయకండి.

బస విషయంలో మొదట దెబ్బతిన్నాం. ఆన్‌లైన్‌లో ఫోటోలు చూసి ఒక లాడ్జిలో రెండు గదులు బుక్ చేశాను. వెళ్లి చూస్తే బాత్‌రూమ్‌లో నీళ్లు నిలబడి ఉన్నాయి. అదైనా సర్దుకునేవాళ్లమే. “రాత్రి పదకొండుకి షట్టర్ వేసేస్తామండీ, తర్వాత ఎవరొచ్చినా తీయం” అన్నాడు కౌంటర్‌లో అబ్బాయి. నాటకం అయ్యేసరికి తెల్లవారుజామున మూడవుతుంది. డబ్బు వెనక్కి ఇచ్చేది లేదన్నారు. గొడవ పెట్టుకునే ఓపిక లేక బయటికొచ్చేశాం. స్టేషన్‌కు దగ్గర్లో ఇంకో లాడ్జి దొరికింది. ఏసీ గది పదిహేను వందలు. మంచాలు పాతవి, దుప్పట్లు ఉతికినవి, నీళ్లు ఆగకుండా వచ్చాయి. అన్నిటికన్నా ముఖ్యం, వాచ్‌మన్ “నాటకానికా అమ్మా? ఎన్నింటికొచ్చినా తలుపు కొట్టండి, నేను మెలకువగానే ఉంటా” అన్నాడు. ఈ ప్రాంతానికి నాటకం కోసం వచ్చేవాళ్లు గది అద్దె కంటే ముందు అడగాల్సింది ఈ షట్టర్ సంగతే. లిఫ్ట్ లేదు కాబట్టి కింది అంతస్తులోనే గది అడిగి తీసుకున్నాం.

తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అంటారని అందరికీ తెలుసు. ఊరి మధ్య నుంచి పారే మూడు కాలువలు చూస్తే ఆ పేరు సగం అర్థమవుతుంది. మిగతా సగం నాటకాలది. స్త్రీ పాత్రలకు పేరు పొందిన స్థానం నరసింహారావు గారు బాపట్లలో పుట్టి, తెనాలి శ్రీరామ విలాస సభ అనే నాటక సమాజంలో చేరి నటించారు. ఇప్పటికీ గాంధీచౌక్ దగ్గర టీ కొట్లో కూర్చుని పద్యం ఎత్తుకుంటే పక్కన ఒకరు అందుకునే ఊరిది. నాన్న సాయంత్రం అలాగే ఒకాయనతో మాటల్లో పడి, ఆ రోజుల్లో రాయబారంలో రెండో కృష్ణుడు ఎవరు గొప్ప అనే విషయం మీద గంటసేపు వాదించారు. మేం పక్కన నిలబడి నల్లబెల్లం జిలేబీ తిన్నాం. పంచదార జిలేబీలా పళ్లకు జివ్వుమనదు. తీపి నెమ్మదిగా దిగుతుంది. వేడివేడిగా అక్కడే తినాలి. పొట్లం కట్టించుకుని హైదరాబాదు తెస్తే మెత్తబడిపోయింది.

రాత్రి ఎనిమిదింటికి ఆటో మాట్లాడుకున్నాం. వెళ్లి, తెల్లవారేదాకా ఉండి, తిరిగి తీసుకురావడానికి పన్నెండు వందలు. డ్రైవర్ నలభై ఏళ్లవాడు. దారిలో నాన్నను “బాబాయ్, రేపల్లె మాటలా ఉందే మీది?” అని పలకరించాడు. రేపల్లె రోడ్డు మీద రెండు పక్కలా అరటితోటలు, పసుపు చేలు. చీకట్లో తడిమట్టి వాసన.

పందిరి రామాలయం ముందు వీధి వెడల్పునా వేశారు. టిక్కెట్టు లేదు. చెక్కబల్లల స్టేజి, దాని మీద కాశీ వీధి గీసిన తెర. స్టేజికి ఒక పక్క హార్మోనియం, తబలా. ముందు పట్టాల మీద పిల్లలు, ఆడవాళ్లు, వెనక ప్లాస్టిక్ కుర్చీలు. ఇంకా వెనక ట్రాక్టర్ ట్రాలీల మీద కుర్రాళ్లు. పానకం, వడపప్పు, ఆకులో పులిహోర ఎవరడిగినా ఇస్తున్నారు. నాన్న చేతికర్ర చూసి ఒకాయన చేతులున్న కుర్చీ మోసుకొచ్చి వేశాడు. ఎవరని అడగలేదు, ఎక్కడినుంచి వచ్చారనీ అడగలేదు.

ఇబ్బంది ఒకటుంది, ఆడవాళ్లు ముందే తెలుసుకోవాలి. అక్కడ బాత్‌రూమ్ లేదు. పక్కన బడి ఉంది కానీ తాళం వేసి ఉంది. ఎదురింటి ఆవిడ మమ్మల్ని చూసి తనే లోపలికి పిలిచింది. “రాత్రంతా తలుపు తీసే ఉంటుందమ్మా, మొహమాటపడకండి” అంది. ఆవిడే లేకపోతే మాకు చాలా కష్టమయ్యేది. ఇంత పందిరి వేసి, ఇన్ని వందల మందిని పిలిచినప్పుడు బడి తాళం ఒకటి తీయించాలని పెద్దలకు తోచకపోవడం బాధనిపించింది.

తొమ్మిదికన్న నాటకం పదిన్నరకు మొదలైంది. తెర వెనక నటులందరూ కలిసి ‘పరాబ్రహ్మ పరమేశ్వర’ ప్రార్థన ఎత్తుకోగానే నాన్న కర్ర పక్కన పెట్టి చేతులు జోడించారు. మొదటి అరగంట మైకు పాడుచేసింది. సౌండ్ కుర్రాడు ఎకో ఎంత పెంచాడంటే, పద్యం ముగిసినా దాని తోక రెండో పద్యంలోకి వచ్చి పడుతోంది. ఒక్క మాట అర్థం కాదు. పద్యనాటకానికి ఇంతకంటే అన్యాయం లేదు. రాగం ఎంత సాగినా చివరికి మాట చెవిన పడాలి. ఆఖరికి పట్టా మీదనుంచి ఒక ముసలాయన లేచి, “బాబూ, ఆ ఎకో తీసెయ్యి. మాకు పద్యం కావాలి” అని గట్టిగా అన్నాడు. జనమంతా చప్పట్లు. ఎకో ఆగిపోయింది. హాల్లో అయితే ఆ మాట ఎవరు అంటారు?

బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు ఈ నాటకం రాసి వందేళ్లు దాటింది. నక్షత్రకుడి వేషం ఆయనే కట్టేవారు. ఎందుకు కట్టేవారో ఆ రాత్రి తెలిసింది. అప్పు వసూలుకు వెంటపడి, కాళ్లు నొప్పులంటూ, ఆకలంటూ రాజును సతాయించే ఆ విశ్వామిత్రుడి శిష్యుడే నాటకానికి ప్రాణం. సన్నగా, పొడవుగా ఉన్న నటుడు ఆ వేషం కట్టాడు. జనం నవ్వుతున్నంతసేపూ నవ్వించి, చంద్రమతిని అమ్మేటప్పుడు ఒక్కసారి తల పక్కకు తిప్పుకున్నాడు. అంతే. మా పక్కనున్న ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాశీని పొగిడే ‘భక్తయోగ పదన్యాసి’ పద్యానికి మొదటి హరిశ్చంద్రుడికి వన్స్ మోర్ పడింది. రెండోసారి వేరే సంగతులతో, అంటే రాగాన్ని వేరేగా మలుపులు తిప్పుతూ పాడాడు. నాన్న నా చెయ్యి పట్టుకుని, “విన్నావా, ఇందాకటిలా పాడలేదు” అన్నారు.

మధ్యలో చదివింపులు. ఫలానా ఊరి ఫలానా వారు నటుడికి ఐదువందలు అని మైకులో చదవడం, నటుడు వేషంలోనే నమస్కారం పెట్టడం. మా అమ్మాయికి ఇది నచ్చలేదు, కథ తెగిపోతోందంది. నాకూ అలాగే అనిపించింది కానీ, ఆటో డ్రైవర్ చెప్పిన మాట విన్నాక ఆలోచించాను. “ఒప్పుకున్న డబ్బు రానుపోను ఖర్చులకే సరిపోద్దండీ వాళ్లకి. ఈ చదివింపులే మిగిలేది.” అయితే వాటిని సీనుకూ సీనుకూ మధ్య చదివితే బాగుంటుంది. ఆ రాత్రి కాటి సీనుకు మాత్రం కమిటీవాళ్లే మైకు పక్కన పెట్టేశారు.

కాటి సీను ఒంటిగంటకు మొదలైంది. ట్యూబ్‌లైట్లు ఆర్పేశారు. స్టేజి మీద ఒక మూల ఎర్రబల్బు, దాని మీద సాంబ్రాణి పొగ. రెండో హరిశ్చంద్రుడికి అరవై దాటి ఉంటాయి. భుజాన గొంగళి, చేతిలో కర్ర. వచ్చి చాలాసేపు ఏమీ మాట్లాడకుండా నిలబడ్డాడు. హార్మోనియం ఒక్క స్వరం మీదే ఉండిపోయింది. అప్పుడు ‘ఇచ్చోటనే’ అని ఎత్తుకున్నాడు.

ఈ పద్యాలు బలిజేపల్లి వారివి కావు. గుర్రం జాషువా గారి ‘శ్మశానవాటి’లోవి. నటులు తెచ్చి కాటి సీనులో పాడుకున్నారు. ఇప్పుడు అవి లేకుండా ఈ సీను ఊహించలేం. కవి కలం, రాజు ముద్రిక, కొత్త ఇల్లాలి నల్లపూసలు, చిత్రకారుడి కుంచె అన్నీ ఇక్కడే కరిగిపోయాయని చెప్పే పద్యం. నాన్న మా అమ్మాయి చెవిలో ఈ సంగతి చెబితే అది ఆశ్చర్యపోయింది. “గబ్బిలం రాసిన జాషువానా తాతయ్యా? మాకు పాఠం ఉంది.” 1895లో వినుకొండలో పుట్టి, కులం పేరుతో ఎన్నో అవమానాలు పడ్డ మనిషి ఆయన. ఆయన మాటలు గుడి ముందు పందిట్లో, నవమి రాత్రి, ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టి వింటోంది. ట్రాలీల మీది కుర్రాళ్లలో ఒకడు ఫోన్ లైటు వేస్తే పక్కవాడు ఆర్పించాడు.

తర్వాత చంద్రమతి. లోహితాస్యుడి వేషం ఆ ఊరి పిల్లాడే, ఎనిమిదేళ్లుంటాయి. పాము కరిచి చనిపోయినట్టు పడుకున్నవాడు నిజంగానే నిద్రపోయాడు. ఆవిడ ఒళ్లోకి తీసుకుంటే తల వాలిపోయింది. ఆ బరువుకు ఆవిడ గొంతు కూడా మారింది. ఆ పద్యాలకు ఎవరూ వన్స్ మోర్ అనలేదు, అనకూడదని అందరికీ తెలుసు. ‘మాయామేయ జగంబె’ దగ్గర మాత్రం నాన్నతో సహా ముసలివాళ్లందరి పెదాలూ కదులుతున్నాయి. అది అయ్యాక ఎక్కడో వెనకనుంచి ఒక గొంతు మెల్లగా “ఇంకోసారి నాయనా” అంది. అరుపు కాదు, అడగడం. ఆయన నమస్కారం పెట్టి మళ్లీ పాడాడు.

మూడుంపావుకు లాడ్జికి చేరాం. వాచ్‌మన్ అన్నమాట ప్రకారం మెలకువగానే ఉన్నాడు. “కాటి సీను ఎట్టా ఉందండీ?” అని అడిగాకే తాళం తీశాడు.

మర్నాడు లేచేసరికి పదయింది. మధ్యాహ్నం భట్టిప్రోలు వెళ్లి బౌద్ధ స్తూపం చూశాం. 1892లో అలెగ్జాండర్ రే తవ్వకాల్లో ధాతు పేటికలు, అంటే అస్థి అవశేషాలు దాచిన పెట్టెలు, దొరికిన చోటు ఇదే. వాటి మీది రాతలు బ్రాహ్మీ లిపి చరిత్రకు చాలా విలువైనవి. అక్కడ ఇప్పుడు కనిపించేది ఇటుకల గుట్ట, చుట్టూ కంచె. నీడ లేదు, నీళ్లు లేవు. ఇష్టమున్నవాళ్లు పొద్దున్నే వెళ్లాలి. సూర్యలంక బీచ్‌కు వెళ్దామనుకున్నాం కానీ ఆ ఎండకు మానుకున్నాం.

ముగ్గురికీ రైలు, మొదటి లాడ్జిలో పోయిన డబ్బు, రెండో లాడ్జి, ఆటో, తిండి అన్నీ కలిపి తొమ్మిది వేలు దాటలేదు. వెళ్లాలనుకునేవాళ్లు చిన్న దిండు, దోమల క్రీము, నీళ్ల సీసా, రాత్రి రెండు తర్వాత కప్పుకోవడానికి పల్చటి దుప్పటి తీసుకెళ్లండి. పగలు ఎంత ఎండ కాసినా కాలువ గట్టు మీది గాలి ఆ వేళకు చల్లగా వస్తుంది. కుర్చీ హార్మోనియం ఉన్న వైపు వేసుకోండి.

ఇంటికొచ్చాక పదిహేను రోజులకు ఆటో డ్రైవర్ ఫోన్ చేశాడు. “బాబాయ్, మా అత్తగారి ఊళ్లో అమ్మవారి జాతరకి రాయబారం వేస్తన్నారు. రెండో కృష్ణుడు మంచి గొంతంట.” నాన్న ఫోన్ అలాగే చెవిన పెట్టుకుని నా వైపు తిరిగి, “జన్మభూమిలో ఏసీకి సీట్లున్నాయేమో చూడమ్మా” అన్నారు.