కారు లెమన్ అయితే టెక్సాస్ చట్టం మేలా, కాలిఫోర్నియా చట్టం మేలా?

ఎన్నిసార్లు బాగుచేసినా పెద్ద లోపం పోని కారుని అమెరికాలో లెమన్ అంటారు. మా బావ టెక్సాస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. కొత్త ఎస్‌యూవీ కొన్న మూడో నెల నుంచే హైవే మీద జెర్క్‌లు ఇవ్వడం మొదలైంది. డీలర్ దగ్గరికి రెండుసార్లు తీసుకెళ్తే, రెండుసార్లూ "మాకు ఏ సమస్యా కనపడలేదు" అని తిప్పి పంపారు. పిల్లల్ని ఆ కారు ఎక్కించాలంటే అక్కకి రోజూ టెన్షనే. కాలిఫోర్నియాలో, శాన్ హోజేలో ఉన్న స్నేహితుడేమో, "లాయర్‌కి అప్పజెప్పు, నీ చేతి డబ్బు పడకుండా కారు వెనక్కి తీయిస్తాడు" అన్నాడు. కాలిఫోర్నియాలో అలా జరుగుతుంది. టెక్సాస్ దారి వేరు.

ఏ చట్టం కావాలో ఎంచుకోవడం మన చేతిలో లేదు. సైన్యంలో ఉన్నవాళ్లను మినహాయిస్తే, కాలిఫోర్నియా చట్టం ఆ రాష్ట్రంలో అమ్మిన కార్లకే. డాలస్‌లో కొని ఉద్యోగం కోసం బే ఏరియాకి మారినవాళ్లు టెక్సాస్ వైపే చూసుకోవాలి. మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక రాష్ట్రం సలహా ఇంకో రాష్ట్రంవాళ్లు పాటించి గడువు పోగొట్టుకోవడానికి ఇదే కారణం.

లెమన్ అనిపించుకోవాలంటే రెండు చోట్లా లోపం పెద్దదై ఉండాలి. కారు వాడకాన్నో, విలువనో, భద్రతనో బాగా దెబ్బతీయాలి. తలుపు కిర్రుమంటోందంటే చాలదు. కంపెనీకి బాగుచేసే అవకాశం తగినన్ని సార్లు ఇచ్చి ఉండాలి.

తేడా లెక్కలో ఉంది. టెక్సాస్‌లో 24 నెలలు లేదా 24,000 మైళ్లు, ఏది ముందైతే అది. ఆ లోపు ఒకే లోపానికి నాలుగుసార్లు రిపేరుకి ఇచ్చినా తగ్గకపోవాలి. ప్రాణాల మీదకి తెచ్చే లోపమైతే రెండుసార్లు చాలు. లేదంటే కారు మొత్తం మీద 30 రోజులు షెడ్డులో ఉండిపోవాలి. కాలిఫోర్నియాలోనూ నాలుగు, రెండు, 30 రోజులకు పైగా అనే అంకెలే, కానీ 18 నెలలు లేదా 18,000 మైళ్లు. చూడ్డానికి తక్కువే అయినా అది గడువు కాదు. ఆ లోపు లెక్క కుదిరితే కోర్టు మొదటే కొన్నవాడి వైపు మొగ్గుతుంది. దాటినా, లోపం వారంటీలో బయటపడి ఉంటే వాదించుకునే హక్కు పోదు. ఈ విషయంలో కాలిఫోర్నియానే మేలు.

టెక్సాస్‌లో లోనర్ కారు సంగతి చాలామందికి తెలియదు. రిపేరు జరిగినన్నాళ్లు కంపెనీ మన కారుకి సాటివచ్చే కారు ఇస్తే, ఆ రోజులు 30 రోజుల లెక్కలోకి రావు. కాలిఫోర్నియా చట్టంలో అలాంటి మినహాయింపు లేదు. లోనర్ తీసుకోవద్దని చెప్పను, ఆఫీసుకి వెళ్లాలి కదా. అప్పుడు రోజుల మీద కాకుండా విజిట్ల మీద ఆశ పెట్టుకోవాలి.

ఖర్చు, శ్రమ దగ్గర టెక్సాస్ నాకు నచ్చుతుంది. ముందు కంపెనీకి రాతపూర్వకంగా నోటీసిచ్చి, బాగుచేసే అవకాశమివ్వాలి. ఆపైన 35 డాలర్లు కట్టి మోటార్ వాహనాల శాఖలో ఫిర్యాదు వేస్తే చాలు, లాయర్ తప్పనిసరి కాదు. చాలా విచారణల్లో అధికారి కారు నడిపించి చూస్తారు. ప్రమాదమంతా గడువులోనే ఉంది. వారంటీ ముగియడం, 24 నెలలు, 24,000 మైళ్లు, వీటిలో ఏది ముందొస్తే అక్కణ్ణుంచి ఆరు నెలల్లోపు ఫిర్యాదు పడాలి. మనవాళ్లు రోజూ ఎక్కువ దూరం నడుపుతారు, మైళ్లే ముందు అయిపోతాయి.

కాలిఫోర్నియాలో కోర్టుకి వెళ్లి గెలిస్తే లాయర్ ఫీజు కంపెనీయే కట్టాలి. కావాలనే ఎగ్గొట్టిందని తేలితే నష్టానికి రెండింతల వరకు జరిమానా అదనం. అయితే 2025 నుంచి కొత్త పద్ధతి ఉంది. దాన్ని ఎంచుకున్న కంపెనీల మీద వారంటీ ముగిసిన ఏడాది లోపే కేసు వేయాలి. ఆ జరిమానా కావాలంటే ముందు నోటీసిచ్చి 30 రోజులు ఆగాలి. మీ కంపెనీ అందులో ఉందో లేదో మొదట చూసుకోండి.

డబ్బు తిరిగొచ్చినా వాడుకున్నదానికి కోత ఉంటుంది. కాలిఫోర్నియాలో మొదటిసారి రిపేరుకి ఇచ్చేనాటికి తిరిగిన మైళ్లను 1,20,000తో భాగించి ధరతో గుణిస్తారు. 36,000 డాలర్ల కారు 6,000 మైళ్ల దగ్గర మొదటిసారి చూపిస్తే 1,800 పోతుంది. అందుకే "ఇంకో నెల చూద్దాం" అని ఆగకండి.

సెకండ్‌హ్యాండ్ కారైతే రెండు చోట్లా కష్టమే. పాత యజమాని వారంటీలో మిగిలినదానితో కొన్న కారు 'కొత్త వాహనం' కిందికి రాదని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2024 అక్టోబర్‌లో తేల్చింది. టెక్సాస్‌లో కంపెనీ అసలు వారంటీ మిగిలి ఉంటే రిపేరు వరకు చేయించుకోవచ్చు.

ఎక్కువ డబ్బు రాబట్టడానికి కాలిఫోర్నియా చట్టం బలమైనది. మామూలు ఉద్యోగి తన ఫైలు తానే పట్టుకుని వెళ్లడానికి టెక్సాస్ దారే సులువు. రెండు చోట్లా నిలబెట్టేది రిపేర్ ఆర్డరే, అంటే కారు ఇచ్చినప్పుడల్లా డీలర్ రాసిచ్చే కాగితం. సమస్య కనపడలేదని పంపినా సరే, మనం చెప్పిన ఫిర్యాదు, తేదీ, మైళ్లు అందులో రాయించుకోకుండా కౌంటర్ దగ్గర నుంచి కదలకూడదు.

బావ మొదటి రెండుసార్లూ కాగితం తీసుకోలేదు. పట్టుబట్టి అడిగితే డీలర్ రికార్డు నుంచి తీసి ఇచ్చారు. మూడోసారి మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని హైవే ఎక్కాడు, జెర్క్ వచ్చింది, ఆ మాటే ఆర్డర్‌లో రాశారు. ఓడోమీటర్ ఇప్పుడు 19,400 దగ్గర ఉంది. నాలుగో అపాయింట్‌మెంట్ మంగళవారం.