బడిలో నీడ గడియారం కిట్: రెండు పలకల్లో ఖాళీ పలకకే నా ఓటు

ఒడిశాలోని కొరాపుట్ జిల్లా జయపురంలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్తాను. ఇంట్లో తెలుగు, క్లాసులో ఒడియా. సాలూరు, పార్వతీపురం వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు ఉన్నారు, ఒడియా పిల్లలు ఉన్నారు, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చి హాస్టల్లో ఉంటూ దేశియా (ఇక్కడి ఊళ్ళ వాడుక భాష) మాట్లాడే పిల్లలు ఉన్నారు. ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్ళ చేత మేడ మీద నీడ గడియారం కట్టిద్దామని దసరా సెలవులకు ముందు ఆన్‌లైన్‌లో ఒక కిట్ తెప్పించాం. ఖరీదు 2,400 రూపాయలు. మిగతా బడుల టీచర్లు కూడా అడుగుతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

పెట్టెలో రెండు గడియారాలు వస్తాయి. ఒకటి గంటల గీతలు ముందే అచ్చువేసిన చదరపు పలక. నేల మీద పరిచి పెట్టేది, మధ్యలో త్రికోణపు రేకు నిలబడుతుంది. రెండోది ఏ గీతా లేని గుండ్రటి ప్లైవుడ్ పలక. దాని నడుమ చిల్లు, అందులో దూర్చడానికి ఇనప చువ్వ, వాలు మార్చుకునే నట్టు ఉన్న స్టాండు. ఇవి కాక ఒక చిన్న దిక్సూచి, ఒక కరపత్రం.

అచ్చువేసిన పలక గురించి ముందే చెప్పేస్తాను. అది ఢిల్లీ కోసం చేసినది. వెనక చిన్న అక్షరాల్లో అక్షాంశం 28.6 అని ఉంది. జయపురం అక్షాంశం దాదాపు 18.9. నీడ పడే రేకు వాలు ఊరి అక్షాంశానికి సమానంగా ఉండాలి, గంటల గీతల మధ్య దూరాలు కూడా దాన్ని బట్టే మారతాయి. మా ఊళ్ళో పదకొండు గంటల గీత పన్నెండు గీతకు 5 డిగ్రీల దూరంలో ఉండాలి. ఈ పలక మీద 7 దాటింది. ఫోన్ చేసి అడిగితే "ఇండియా మొత్తానికి ఒకటే మోడల్ మేడమ్" అన్నారు. బడులకు అమ్మే వస్తువు విషయంలో ఈ జవాబు నాకు బాధ కలిగించింది. దీనికి ఒక మందు ఉంది: దక్షిణం వైపు అంచును రెండు అక్షాంశాల తేడా ఎంతో అంత ఎత్తితే రేకు మళ్ళీ సరైన వాలుకు వస్తుంది, పలక సరిగ్గానే పని చేస్తుంది. 20 సెంటీమీటర్ల పలక కాబట్టి ఆ అంచు కింద 3.4 సెంటీమీటర్ల చెక్క పెట్టాం. ఈ విషయం కరపత్రంలో ఒక్క ముక్క కూడా లేదు.

దిక్సూచిని పక్కన పెట్టేయండి. మేడ మీద శ్లాబులో ఇనప చువ్వలు ఉంటాయి కదా, నాలుగు అడుగులు జరిపితే ముల్లు ఇంకో వైపు తిరుగుతోంది. దాని బదులు మన పాత పద్ధతి చేయించాను. సూర్యసిద్ధాంతం అనే పాత ఖగోళ గ్రంథంలో త్రిప్రశ్నాధికారం అనే అధ్యాయంలో ఉన్న పద్ధతే ఇది. నేల చదునుగా ఉందో లేదో రసమట్టంతో చూసి, నిటారుగా ఒక కర్ర నిలబెట్టి, దాని చుట్టూ తాడుతో సుద్దముక్క తిప్పి వృత్తం గీశారు పిల్లలు. పొద్దున పొడుగ్గా ఉన్న నీడ కురచవుతూ వచ్చి, దాని కొస వృత్తాన్ని తాకిన చోట ఒక గుర్తు. మధ్యాహ్నం దాటాక నీడ మళ్ళీ పెరిగి వృత్తాన్ని తాకిన చోట ఇంకో గుర్తు. రెండూ కలిపితే తూర్పు పడమర గీత, దానికి లంబం గీస్తే ఉత్తరం. ఆ రెండో గుర్తు కోసం అన్నం బెల్లు కొట్టినా కదలకుండా కూర్చున్న పిల్లలున్నారు. క్లాసులో లంబ సమద్విఖండన రేఖ అంటే ఆవలించేవాళ్ళే వీళ్ళు.

అసలు విలువంతా ఆ ఖాళీ పలకలో ఉంది. దీని లెక్క ఆరో తరగతి పిల్లలకు కూడా అందుతుంది. చువ్వ ధ్రువ నక్షత్రం వైపు చూస్తుంది, పలక ఆ చువ్వకు లంబంగా ఉంటుంది. 24 గంటలకు 360 డిగ్రీలు, అంటే గంటకు 15. జామెట్రీ బాక్సులో ఉన్న 'డి' పెట్టి గీసుకోవచ్చు, ట్రిగనామెట్రీ అక్కర్లేదు. స్టాండు నట్టు బాగుంది, మెచ్చుకోవాలి. 8 డిగ్రీల నుంచి 35 వరకు గుర్తులు ఉన్నాయి, బిగిస్తే జారదు. 19 దగ్గర బిగించాం. హాస్టల్ పిల్లలు రాత్రి వార్డెన్‌తో మేడెక్కి, చువ్వ వెంట కన్ను పెట్టి ధ్రువ నక్షత్రం సరిగ్గా కొస మీద ఉందని చూసి వచ్చారు. మర్నాడు ప్రేయర్ ముందే నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి చెప్పారు.

కరపత్రంలో బొమ్మ చూపించినట్టే పలక పై ముఖం మీద, అంటే ఉత్తరం వైపు తిరిగి ఉన్న ముఖం మీద, గీతలు గీశారు. తీరా ఎండలో పెడితే ఆ ముఖం మీద ఎండే పడలేదు! కారణం నాకు తెలుసు, కానీ వాళ్ళే చూడాలని ఊరుకున్నాను. సెప్టెంబర్ 22, 23 తేదీల తర్వాత సూర్యుడు భూమధ్యరేఖకు దక్షిణంగా ఉంటాడు. అప్పటి నుంచి మార్చి 20, 21 వరకు ఎండ పలక వెనక ముఖం మీదే పడుతుంది. పలక తిప్పి చూసి, చువ్వ అటువైపు కూడా పొడుచుకు వచ్చిందేమిటా అని ఆలోచించి, చివరికి తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె "గురుమా, ఇటువైపూ గీయాలి" అంది. పై ముఖం అంకెలనే అటువైపు కూడా రాసేశారు. పొద్దున తొమ్మిదికి నీడ మూడు మీద పడింది. అప్పుడు మొదలైంది అసలు చర్చ. పై ముఖంలో అంకెలు మామూలు గడియారం తిరిగే దిక్కున పోతాయి, కింది ముఖంలో అపసవ్యంగా పోవాలి. ఎందుకో ఒకళ్ళకొకళ్ళు చేతులు తిప్పి చూపించుకుంటూ తేల్చుకున్నారు. తెలుగు, ఒడియా, దేశియా అన్నీ కలిసిపోయాయి ఆ గంటలో. నేను ఏ పాఠమైనా ఇంత బాగా చెప్పగలనా అనిపించింది. కంపెనీవాళ్ళు రెండు ముఖాల మీదా అచ్చువేసి ఇచ్చి ఉంటే ఇది జరిగేది కాదు. అందుకే ఖాళీ పలకకు నా ఓటు. అయినా కరపత్రంలో రెండో ముఖం సంగతి టీచరు కోసమైనా రాయాల్సింది. ఎండ పడలేదని కిట్‌ని అటక మీద పడేసే బడులు తప్పకుండా ఉంటాయి.

ఇక టైం సంగతి. నవంబర్ మొదటి వారంలో మా గడియారం చేతి వాచీ కంటే 16 నిమిషాలు ముందుంది. పిల్లలకు టెన్షన్. ఉత్తరం గీత మళ్ళీ గీద్దామన్నారు. వద్దు, రోజూ మధ్యాహ్నం తేడా నోట్‌బుక్‌లో రాయండి అన్నాను. నెలాఖరుకు 11 నిమిషాలకు వచ్చింది, డిసెంబర్ మధ్యకు 5. క్రిస్మస్ నాటికి రెండూ కలిశాయి. సెలవుల తర్వాత చూస్తే నీడ వెనకబడింది, ఫిబ్రవరి రెండో వారానికి 14 నిమిషాలు వెనక. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి కచ్చితమైన వృత్తం కాదు, పైగా భూమి అక్షం 23.4 డిగ్రీలు వాలి ఉంది. ఈ రెండిటి వల్ల సూర్యుడు వాచీలా ఒకే వేగంతో నడవడు. పిల్లలు గీసిన గ్రాఫు ఇప్పుడు స్టాఫ్ రూం గోడ మీద ఉంది. కిట్‌తో వచ్చిన సవరణ పట్టికలో మాత్రం ఏడాది పొడుగునా 21 నిమిషాలు కలపమని ఒకటే అంకె ఉంది. అది ఢిల్లీ రేఖాంశానికి లెక్క. మన వైపు పనికిరాదు.

మన వైపు ఎంత కలపాలి? జయపురానికి దాదాపు ఏమీ అక్కర్లేదు. మన దేశపు గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానికి పెట్టారు. మా ఊరు 82.57. ఆ రేఖ మాకు పడమరగా ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో పోతుంది. దేశపు టైం రేఖ పోయే ఊరుగా పాఠ్యపుస్తకంలో ఉండే మిర్జాపూర్, మా జయపురం దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి. ఇది మ్యాపులో చూపించినప్పుడు క్లాసంతా లేచి నిలబడింది. ముంబయిలో పని చేసే నాన్నకు ఫోన్ చేసి "మీ సూర్యుడు మాకంటే 38 నిమిషాలు ఆలస్యం" అని చెప్పిన పిల్లాడు ఉన్నాడు.

నాణ్యత విషయానికొస్తే, ప్లైవుడ్ మా వానలకు ఆగదు. దసరా తర్వాత పడ్డ వానకే అంచు ఉబ్బి పొరలు లేచాయి. కొరాపుట్ కొండల్లో ఆషాఢ శ్రావణాలు ఎలా ఉంటాయో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. ఊళ్ళో రాయి కోసే షాపులో కడప బండ గుండ్రంగా కోయించి, చిల్లు వేయించి మార్చేశాం. మేస్త్రీ గారు బడికోసమని కోతకూలి తీసుకోలేదు. పిల్లలు గీతలను మేకుతో గీకి రంగు నింపారు. ఇనప చువ్వకు పెయింటు వేయకపోతే తుప్పు పడుతుంది, అదీ చూసుకోండి. కరపత్రం ఇంగ్లిషు, హిందీల్లో ఉంది. తెలుగులో, ఒడియాలో నేను రాసి పెట్టాను, కావాలంటే అడగండి.

కొనొచ్చా అంటే, మొత్తం కిట్ వద్దు. ఖాళీ పలక, స్టాండు విడిగా 1,100 కే ఇస్తున్నారు, అది తీసుకోండి. దగ్గర్లో రాయి కోసే షాపు, వెల్డింగ్ షాపు ఉంటే అదీ అక్కర్లేదు. రాయగడవాళ్ళు చువ్వను 19 డిగ్రీలకు పెట్టండి, మీ నీడ మాకంటే మూడు నిమిషాల పైచిలుకు ముందుంటుంది. పర్లాఖిమిడి వాళ్ళకూ 19 డిగ్రీలే, తేడా ఆరు నిమిషాలు. బరంపురంలో 19 కంటే కాస్త ఎక్కువ, తొమ్మిది నిమిషాలు. అటు మహారాష్ట్రలో సిరొంచ తెలుగు బడులకు కూడా 19 డిగ్రీలే, కానీ నీడ పది నిమిషాలు వెనక. దసరా తర్వాత మొదలుపెట్టండి, ఆకాశం తేటగా ఉంటుంది, కింది ముఖం నుంచి మొదలవుతుంది. మార్చి చివర్లో ఎండ పై ముఖానికి మారేటప్పటికి పరీక్షలు వస్తాయి కాబట్టి, ఆ రెండు మూడు రోజులు చూడమని పిల్లలకు ముందే చెప్పి ఉంచండి.