ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల బజారు: సరదా సంగతులు పంచుకునేవారి కోసం ఒక సమీక్ష

పదిమందికీ చదివి వినిపించదగిన సరదా కథలు, చిత్రమైన ప్రకటనలు, పాతకాలపు ఛలోక్తులు వెతుక్కునేవారికి హైదరాబాదులో ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల బజారును మించిన చోటు లేదని చాలా ఏళ్లుగా అక్కడికి వెళ్తున్న అనుభవంతో చెప్పగలను. ఫోనులో రోజూ వచ్చిపడే జోకులు మనం పంపేసరికే అందరూ చూసేసి ఉంటారు. ఇక్కడ దొరికే సరుకులో చాలా భాగం అచ్చయిన వారం గడిచాక మళ్లీ ఎవరి కంటా పడనిది. మా అపార్ట్‌మెంటు మేడ మీద సెలవు రోజుల సాయంత్రాలు చేరేవారికీ, మా బంధువుల వాట్సాప్ గ్రూపుకూ నేను పంచే సంగతులు ఎక్కువగా ఈ బజారులో దొరికినవే.

ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి కనుక వాటి ముందున్న ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుస్తారు. ఇంగ్లీషు నవలలు, పోటీ పరీక్షల గైడ్లు ముందుంటాయి. తెలుగు కుప్పలు కొద్దిమంది దగ్గరే, అవీ అడుగునే ఉంటాయి. నాంపల్లి మెట్రో స్టేషన్లో దిగి నడిచి వెళ్లవచ్చు. కట్టలు విప్పే వేళకు, అంటే ఉదయమే వెళ్లడం మంచిది. వానాకాలం సగం సరుకు పట్టాల కిందే ఉండిపోతుంది.

నా దృష్టిలో అన్నిటికంటే విలువైనవి సీరియల్ బైండులు. ఒకప్పుడు మన ఇళ్లలో వారపత్రికల నుంచి సీరియల్ పేజీలు చించి, వరుసగా పేర్చి, అట్ట వేయించి దాచుకునేవారు. ఆ సీరియళ్లు పుస్తకాలుగా వచ్చి ఉండవచ్చు కానీ, బైండులో వాటి పేజీల వెనుకవైపు అనుకోకుండా చిక్కుకుపోయిన కార్టూన్లు, పాఠకుల ఉత్తరాలు, చిట్కాలు, తలనూనె ప్రకటనలు మరెక్కడా పుస్తకరూపం పొందలేదు. ఒక బైండులో నాకు దొరికిన ఉత్తరంలో ఒక పాఠకురాలు, పోయిన వారం పెళ్లయిపోయిన నాయికకు ఈ వారం పెళ్లిచూపులు ఎలా జరిగాయని నిలదీసింది. ప్రెస్సులో పేజీలు తారుమారయ్యాయనీ, పెళ్లి మాత్రం రద్దు కాలేదనీ సంపాదకులు ఎంతో మర్యాదగా బదులిచ్చారు. అది చదివిన రోజు మేడ మీద నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది.

వెనుకవైపు సరుకు కనుక చాలా వాటికి మొదలుంటే చివర ఉండదు. దీన్ని లోపమని అనుకోవలసిన పనిలేదు. కుండపోత వానలో ఒకాయన చిరిగిన గొడుగు పట్టుకుని బాగుచేసే దుకాణానికి వెళ్తే, దుకాణదారు రేపు రమ్మంటాడు. అందుకు ఆయన ఏమన్నాడో తరువాతి పేజీలో ఉండాలి, ఆ పేజీ బైండులో లేదు. అంతవరకే చదివి, ముగింపు చెప్పమని అందరినీ అడిగాను. రిటైరైన గుమాస్తా గారు, రేపు వాన పడదని రాసిస్తే వస్తానన్నాడేమో అన్నారు. మూడో అంతస్తు పాప, “అలాగే, రేపటిదాకా వానను కూడా ఆపి ఉంచండి అన్నాడు” అంది. అసలు ముగింపు ఇంతకంటే బాగుంటుందని నేననుకోను. వినేవాళ్లకు ఇలా చోటు ఇస్తే సరదా సంగతి రెండింతలు పండుతుంది.

చించిన పేజీల మీద తేదీ కనపడకపోయినా కాలాన్ని పట్టుకోవచ్చు. ప్రకటనలో ధర అణాలలో ఉంటే అది చాలావరకు 1957 ఏప్రిల్‌కు ముందుది. నయాపైసలలో ఉంటే 1957-64 మధ్యది. చిరునామా చివర ఆరంకెల పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టు తరువాతిదన్నమాట. మద్రాసు-26 అని మాత్రమే ఉంటే అంతకు ముందుది కావచ్చు. కాలం చెప్పి చదివితే వినేవాళ్లలో పెద్దలకు తమ రోజులు గుర్తొస్తాయి, మాట కలుస్తుంది.

దొరికినదల్లా పంచదగినది కాదు. ఆనాటి ఛలోక్తులలో భార్య మీదా, అత్తగారి మీదా, చెవిటివారి మీదా వేసినవి ఎక్కువ. వినేవారిలో ఒక్కరి మనసైనా నొచ్చుకుంటుందనిపిస్తే నేను చదవను. ఇంకొక సంగతి నాకు చాలా ముఖ్యం: ఛలోక్తి కింద పంపినవారి పేరూ ఊరూ అచ్చయి ఉంటాయి, వాటిని వదిలేసి పంచడం అన్యాయం. తమ పేరు అచ్చులో చూసుకోవడానికి పోస్టుకార్డు రాసి వారాల తరబడి ఎదురుచూసినవారు వాళ్లు.

ఇక ఇబ్బందులు. కొన్ని కట్టలకు చెమ్మ తగిలి పేజీలు అంటుకుపోయి ఉంటాయి; ఇంటికి తెచ్చి నీడలో ఆరబెట్టాకే విడదీయాలి. తుప్పుపట్టిన పిన్నుల చుట్టూ కాగితం ముట్టుకుంటేనే రాలిపోతుంది కనుక తెచ్చిన రోజే ఫోటోలు తీసుకోవడం మంచిది. బేరంలో ఆత్రం చూపిస్తే ధర పెరుగుతుంది. ఒకసారి ఒక దుకాణదారు పైన మంచి సంచికలు, లోపల అట్టలు మాత్రమే ఉన్న కట్టను నాకు అంటగట్టాడు. అప్పటి నుంచి తాడు విప్పి చూడనివ్వని కట్టను కొనడం లేదు.

పూర్తి సంచికలే కావాలనుకునేవారు దగ్గర్లోని సుల్తాన్ బజారులో 1901లో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయంలో కూడా విచారించవచ్చు. కానీ ఏది వెతుకుతున్నామో ముందే తెలిసినప్పుడు గ్రంథాలయం, తెలియనప్పుడు ఆబిడ్స్ మేలు. కొత్తగా మొదలుపెట్టేవారు మొదటిసారి ఒక్క సీరియల్ బైండు మాత్రం కొని, ముందువైపు కథ జోలికి పోకుండా వెనుకవైపు పేజీలన్నీ చదివి చూడండి.