రెండోసారికీ నిలబడ్డ పాత హాలీవుడ్ సినిమాలు

పాత హాలీవుడ్ సినిమా ఎలా ఉందో మొదటిసారి చూసినప్పుడు నేను తేల్చేసుకోను. కథంతా తెలిసిపోయాక, చివర్లో ఏమవుతుందో గుర్తుండగానే అది నన్ను మళ్లీ కూర్చోబెడుతుందా లేదా అన్నదే నా లెక్క. చాలా ఏళ్లుగా 1930ల నుంచి 1960ల మొదటి వరకు వచ్చిన సినిమాలనే ఎక్కువగా చూస్తూ వస్తున్నాను. వాటిలో గొప్ప పేరున్నవి కొన్ని రెండోసారికే తేలిపోయాయి. మన దగ్గర పెద్దగా ఎవరూ చెప్పుకోనివి కొన్ని మాత్రం ఎన్నిసార్లు చూసినా తనివి తీరనివి అయ్యాయి. అలా నిలబడ్డవాటన్నిటిలో నాకు కనిపించిన గుణం ఒక్కటే. ప్రేక్షకుడి కళ్ల మీద నమ్మకంతో తీసిన సినిమాలవి. ఒక చూపుతోనో, ఒక వస్తువుతోనో విషయం చెప్పేసి, మళ్లీ మాటల్లో వివరించకుండా ముందుకు వెళ్లిపోతాయి.

మనలో చాలామందికి పాత హాలీవుడ్ అంటే ‘టెన్ కమాండ్‌మెంట్స్’, ‘బెన్‌హర్’, ‘మెకన్నాస్ గోల్డ్’. పెద్ద తెర మీద చూడాల్సినవే, కాదనను. ‘బెన్‌హర్’ (1959) రథాల పందెం చూస్తుంటే ఈరోజుకీ గుండె వేగం పెరుగుతుంది. అయితే ఆ పందాన్ని చిత్రీకరించింది సెకండ్ యూనిట్‌ను, అంటే ప్రధాన దర్శకుడు లేకుండా విడిగా షూటింగ్ చేసే బృందాన్ని నడిపిన ఆండ్రూ మార్టన్, యాకిమా కానట్. పందెం ముగిశాక సినిమా బరువెక్కిపోతుంది, ఎప్పుడు చూసినా నాకు అంతే. దాని దర్శకుడు విలియం వైలర్ అసలు సత్తా తెలియాలంటే పదమూడేళ్లు వెనక్కి వెళ్లి ‘ది బెస్ట్ ఇయర్స్ ఆఫ్ అవర్ లైవ్స్’ (1946) చూడాలి. ఒకే ఒక్క పాత హాలీవుడ్ సినిమా చెప్పమంటే నేను దాని పేరే చెబుతాను.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ముగ్గురు సైనికులు ఒకే ఊరికి తిరిగి వస్తారు. బ్యాంకు ఉద్యోగం వదిలి వెళ్లిన అల్ (ఫ్రెడ్రిక్ మార్చ్), యుద్ధానికి ముందు మందుల షాపు కౌంటర్లో ఐస్‌క్రీమ్ సోడాలు కలిపిన ఫ్రెడ్ (డానా ఆండ్రూస్), రెండు చేతులూ పోయి ఇనుప కొక్కేలతో వచ్చిన నావికుడు హోమర్. హోమర్‌గా వేసిన హెరాల్డ్ రస్సెల్ వృత్తి నటుడు కాదు. సైన్యంలో శిక్షణ ఇస్తుండగా జరిగిన పేలుడులో నిజంగానే రెండు చేతులూ పోగొట్టుకున్న మనిషి. ఒకే పాత్రకు రెండు ఆస్కార్లు అందుకున్న నటుడు ఆయన ఒక్కడే.

అల్ ఇంటికి వచ్చే దృశ్యం నేను ఎన్నిసార్లు చూశానో! గంట మోగితే కొడుకు తలుపు తీస్తాడు. అల్ వెంటనే వాడి నోరు మూస్తాడు, అమ్మకు తెలియకుండా. కూతురు వస్తుంది, ఆమెనూ అరవనివ్వడు. లోపల్నుంచి భార్య మిల్లీ, పనిలో ఉండి, ఎవరొచ్చారని కేకేస్తుంది. జవాబు ఉండదు. మళ్లీ అడగబోయి, మాట మధ్యలోనే ఆగిపోతుంది. ఆ ఆగిపోవడంతోనే ఆమెకు తెలిసిపోయిందని మనకూ తెలిసిపోతుంది. తర్వాత పొడవాటి నడవా, ఒక చివర ఆయన, ఇంకో చివర ఆమె. కెమెరా దగ్గరికి పోదు. క్లోజప్‌లో కన్నీళ్లు చూపించే అవకాశం ఉండి కూడా వైలర్ దూరం నుంచే చూపించాడు. మిల్లీగా వేసిన మిర్నా లాయ్ అక్కడ పెద్దగా ఏమీ చెయ్యదు, ఒక్క క్షణం కదలకుండా నిలబడుతుంది. ఈ కలయిక కంటే బాగా తీసిన ఇంకో కలయిక నేనింకా చూడలేదు.

ఇదే సినిమాలో బార్ దృశ్యం ఉంది. హోమర్ కొక్కేలతో పియానో వాయిస్తుంటాడు. అల్ పియానో మీదకి వాలి వింటున్నట్టు ఉంటాడు. ఎక్కడో వెనక, గది చివర, ఫోన్ బూత్‌లో ఫ్రెడ్ బొమ్మంత చిన్నగా కనబడతాడు. అతను అల్ కూతురికి ఫోన్ చేసి ఇక మనం కలవొద్దని చెబుతున్నాడు. ఆ మాటలు మనకు వినిపించవు. సంగీతం ముందుంది, అసలు విషాదం వెనకుంది, రెండూ ఒకే ఫ్రేములో. ఛాయాగ్రాహకుడు గ్రెగ్ టోలండ్. ‘సిటిజన్ కేన్’ (1941)లో దగ్గరివీ దూరానివీ అన్నీ స్పష్టంగా కనబడేలా తీసి పేరు తెచ్చుకున్నది ఈయనే. నిజం చెప్పాలంటే, ‘సిటిజన్ కేన్’లో ఆ పనితనం చూసి ఆశ్చర్యపోతాను, ఇక్కడ అదే పనితనం చూసి కదిలిపోతాను. ‘సిటిజన్ కేన్’ను ఆర్సన్ వెల్స్ పాతికేళ్ల వయసులో తీశాడంటే అబ్బురమే. కానీ మళ్లీ చూడాలనిపించేది మాత్రం ఈ ముగ్గురు సైనికుల కథే. నిడివి మూడు గంటలకు కాస్త తక్కువ. నాకెప్పుడూ అంత సేపు అనిపించలేదు.

ఇంకో దర్శకుడు బిల్లీ వైల్డర్ సంగతికి వస్తే, ఈయన సినిమాల్లో వస్తువులే సాక్ష్యం చెబుతాయి. ‘ది అపార్ట్‌మెంట్’ (1960)లో న్యూయార్క్ బీమా కంపెనీ గుమాస్తా బ్యాక్స్‌టర్ (జాక్ లెమన్) ప్రమోషన్ కోసం తన ఫ్లాటు తాళంచెవి పైఅధికారులకు ఇస్తుంటాడు, వాళ్లు చాటుమాటు వ్యవహారాలకు వాడుకోవడానికి. ఒకసారి ఫ్లాటులో ఎవరో అమ్మాయి మర్చిపోయిన, అద్దం పగిలిన చిన్న పౌడర్ డబ్బా దొరుకుతుంది. బాస్‌కి తిరిగి ఇచ్చేస్తాడు. తర్వాత క్రిస్మస్ పార్టీలో, తను మనసుపడ్డ లిఫ్ట్ ఆపరేటర్ ఫ్రాన్ (షర్లీ మెక్‌లేన్) అతని కొత్త టోపీ ఎలా ఉందో చూసుకోమని తన డబ్బా తెరిచి ఇస్తుంది. అదే పగిలిన అద్దం. అందులో అతని ముఖం రెండు ముక్కలుగా కనిపిస్తుంది. అద్దం పగిలిందే అని మాత్రమే అంటాడు. తెలుసు, నా మనసెలా ఉందో అలాగే కనిపిస్తాను కాబట్టి నాకిదే ఇష్టం అంటుందామె. ఎవరూ ఎవరినీ నిలదీయరు, అరుపుల్లేవు. సినిమా అక్కడ ఇంకో దారి పడుతుంది. మొదటిసారి చూసినప్పుడు ఇది కామెడీ అనుకుంటాం. రెండోసారి చూస్తే నవ్వు వచ్చే ప్రతి చోటా కింద ఒక బాధ ఉందని తెలుస్తుంది.

ఆ ఆఫీసు సెట్టు గురించి కూడా చెప్పాలి. వరసలు వరసలుగా బల్లలు, అంతు లేకుండా కనిపిస్తాయి. కళా దర్శకుడు అలెగ్జాండర్ ట్రానర్ వెనక వరసల బల్లల సైజు తగ్గిస్తూ పోయి, అక్కడ పొట్టివాళ్లనూ పిల్లలనూ కూర్చోబెట్టి ఆ దూరం సృష్టించాడు. కంప్యూటర్ లేని కాలంలో కంటిని ఇంత చక్కగా నమ్మించడం చూస్తే, మన ‘మాయాబజార్’లో మార్కస్ బార్ట్లే స్టూడియో లోపల వెన్నెల కాయించిన పనితనమే గుర్తొస్తుంది నాకు.

వైల్డర్‌దే ‘డబుల్ ఇండెమ్నిటీ’ (1944). బీమా డబ్బు కోసం మొగుణ్ని చంపించే భార్యగా బార్బరా స్టాన్విక్. అందరూ ఆమె గురించే మాట్లాడతారు, తగినదే. నన్ను మళ్లీ మళ్లీ లాగేది మాత్రం అగ్గిపుల్ల. బీమా ఏజెంటు నెఫ్ (ఫ్రెడ్ మెక్‌మరీ) తన సీనియర్ కీస్ (ఎడ్వర్డ్ జి. రాబిన్సన్) చుట్ట తీసినప్పుడల్లా గోటితో అగ్గిపుల్ల గీసి అంటిస్తుంటాడు, ఎందుకంటే కీస్ దగ్గర అగ్గిపుల్లలు ఎప్పుడూ ఉండవు. చివర్లో చేసిందంతా బయటపడి నెఫ్ నేల మీద కూలబడ్డాక, ఈసారి కీస్ అగ్గిపుల్ల గీసి అతని సిగరెట్ అంటిస్తాడు. వాళ్లిద్దరి స్నేహం ఎంతటిదో ఆ ఒక్క పనితో తెలుస్తుంది. నిజానికి వైల్డర్ నెఫ్‌కి గ్యాస్ ఛాంబర్‌లో మరణశిక్ష అమలయ్యే దృశ్యం కూడా ఖర్చు పెట్టి తీశాడు. తర్వాత తీసేశాడు. తీసేసి ఎంత మంచి పని చేశాడో!

ఈ పొదుపు ఎక్కణ్నుంచి వచ్చిందంటే, కొంత సెన్సారు వల్లే. 1934 మధ్య నుంచి ప్రొడక్షన్ కోడ్‌ను, అంటే హాలీవుడ్ తనకు తానే పెట్టుకున్న సెన్సారు నియమాలను గట్టిగా అమలు చేశారు, 1968లో వయసును బట్టి ఇచ్చే రేటింగులు వచ్చేదాకా అది ఉంది. నేరానికి శిక్ష పడి తీరాలి, భార్యాభర్తలైనా వేరు వేరు మంచాలు, పొడవాటి ముద్దులు కుదరవు. ‘నొటోరియస్’ (1946)లో హిచ్‌కాక్ ఏం చేశాడో చూడండి. కేరీ గ్రాంట్, ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ ఒక చిన్న ముద్దు, మధ్యలో భోజనం గురించి ఒక మాట, మళ్లీ ముద్దు, ఫోన్ దాకా నడక, మళ్లీ ముద్దు. రూలు ఎక్కడా తప్పలేదు, దృశ్యం మాత్రం కోడ్ లేకపోతే వచ్చేదానికంటే దగ్గరగా వచ్చింది. అలాగని కోడ్‌ను మెచ్చుకోలేను. దాని వల్ల ఎన్నో కథలకు అతికించినట్టుండే ముగింపులు వచ్చాయి, నల్లజాతి, తెల్లజాతి మనుషుల ప్రేమ తెర మీదకు రాకుండా నిషేధించింది కూడా అదే కోడ్.

‘కాసాబ్లాంకా’ (1942) గురించి అందరూ చెప్పేదే నేనూ చెబుతాను, అది నిజంగా అంత బాగుంటుంది. బోగార్ట్, బెర్గ్‌మన్‌ల ప్రేమ కంటే నాకు కథ నడిచే కేఫ్‌లోని జనం ముఖ్యం. జర్మన్ ఆఫీసర్లు పాడుతుంటే వాళ్ల గొంతు మునిగిపోయేలా కేఫ్ అంతా ఫ్రెంచ్ జాతీయగీతం అందుకుంటుంది. కన్నీళ్లతో పాడే అమ్మాయి మాడ్లెన్ లెబో నాజీల నుంచి తప్పించుకుని ఫ్రాన్స్ వదిలి వచ్చిన నటి. జర్మన్ మేజర్‌గా వేసిన కాన్రాడ్ వైట్ కూడా నాజీల పాలన పడక జర్మనీ వదిలినవాడే. ఇది తెలిశాక ఆ పాట మామూలుగా వినలేను.

పాత సినిమాల్లో నన్ను పట్టేసిన ఇంకో సంగతి, సహాయ నటులు. స్టూడియోలు నటులను ఏళ్ల కాంట్రాక్టుల్లో పెట్టుకునేవి కాబట్టి అవే ముఖాలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. తెర మీదకి రేలంగి, సూర్యకాంతం రాగానే మన ఇంటివాళ్లు వచ్చినట్టు ఎలా ఉంటుందో, నాకు థెల్మా రిట్టర్ వచ్చినప్పుడు అలా ఉంటుంది. ‘రియర్ విండో’ (1954)లో కాలు విరిగిన జేమ్స్ స్టువర్ట్‌కి సేవ చేస్తూ చివాట్లు పెట్టే నర్సు ఆవిడే. ఆరుసార్లు ఆస్కార్‌కు నామినేట్ అయింది, ఒక్కసారీ ఇవ్వలేదు. ‘కాసాబ్లాంకా’ పోలీసు అధికారి క్లాడ్ రెయిన్స్‌దీ అదే కథ, నాలుగు నామినేషన్లు, ఆస్కార్ లేదు. నాకిది ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

నాకు పడనివీ చెప్పాలి. ‘గాన్ విత్ ది విండ్’ (1939) రంగులు, తగలబడే అట్లాంటా బాగుంటాయి. బానిసత్వాన్ని సుఖంగా సాగిన పాత కాలంలా చూపించడం మాత్రం సహించలేను. అందులో హాటీ మెక్‌డానియల్ ఆస్కార్ గెలిచిన మొట్టమొదటి నల్లజాతి నటి. ఆ వేడుకలో ఆమెను మిగతా బృందంతో కాకుండా గోడవారగా వేరే టేబుల్ దగ్గర కూర్చోబెట్టారు. సినిమాలో ఆమె ఉన్నంతసేపూ తెర నిండుతుంది, అంతవరకు చూస్తాను. ‘బ్రేక్‌ఫస్ట్ ఎట్ టిఫనీస్’ (1961)లో మికీ రూనీ పళ్లు పెట్టుకుని వేసిన జపాన్ మనిషి వేషం వస్తే ముందుకు జరిపేస్తాను. ఆడ్రీ హెప్బర్న్ కావాలంటే ‘రోమన్ హాలిడే’ (1953) ఉంది, అందులో తీసెయ్యాల్సిన ముక్క ఒక్కటీ లేదు.

ఇప్పుడు ‘మేక్ వే ఫర్ టుమారో’ (1937). దర్శకుడు లియో మెక్‌కేరీ. బ్యాంకు ఇల్లు తీసుకోవడంతో ముసలి దంపతులు పిల్లల పంచన చేరాలి. ఇద్దర్నీ కలిపి ఉంచుకునే వీలు ఒక్కరికీ లేదు. తల్లి ఒక ఊళ్లో, తండ్రి ఇంకో ఊళ్లో. కొడుకు ఇంట్లో ఒక రాత్రి కోడలు పేకాట పాఠం చెబుతుంటుంది, హాలు నిండా అతిథులు. ముసలావిడ కిర్రుమనే కుర్చీలో ఊగుతుంటుంది, అందరికీ చిరాకు. అంతలో భర్త నుంచి ఫోను. ఫోనంటే గట్టిగా అరవాలని ఆవిడ నమ్మకం, అందుకని అరుస్తుంది. జాగ్రత్తగా ఉండు, చలిగా ఉంది, మఫ్లర్ చుట్టుకో. మొదట అతిథులు ఇబ్బందిగా చూస్తారు, తర్వాత ఒక్కొక్కరే తలలు దించుకుంటారు. ఎవరూ ఒక్క మాట అనరు. ఆవిడ ఫోను పెట్టేశాక ఆ గది మునుపటి గది కాదు. ఈ పాత్ర వేసిన బ్యూలా బాండీకి అప్పటికి యాభై కూడా నిండలేదు.

ఇందులో పిల్లలెవరూ దుర్మార్గులు కారు. అదే కష్టం. దుర్మార్గులైతే తిట్టుకుని తేలికపడేవాళ్లం. కోడలి ఇబ్బంది కోడలిది, కొడుకు సిగ్గు కొడుకుది. స్టూడియో ముగింపు మార్చమంది, మెక్‌కేరీ మార్చలేదు. సినిమా ఆడలేదు. అదే ఏడాది తీసిన ఇంకో సినిమా ‘ది ఆఫుల్ ట్రూత్’కి ఆస్కార్ ఇస్తే, ఇవ్వాల్సిన సినిమాకి ఇవ్వలేదని వేదిక మీదే అన్నాడాయన. పూర్తిగా ఒప్పుకుంటాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా సలహా, వరసగా గొప్ప సినిమాల జాబితా పట్టుకోవద్దు. ‘ట్వెల్వ్ యాంగ్రీ మెన్’ (1957)తో మొదలుపెట్టండి. గంటన్నరే, దాదాపు అంతా ఒకే గది. సిడ్నీ లుమెట్ సినిమా సాగేకొద్దీ లెన్సులు మారుస్తూ, కెమెరాను కిందికి దించుతూ ఆ గదిని ఇరుకు చేస్తాడు, మనకు తెలియకుండానే ఊపిరాడదు. తర్వాత ‘ఇట్ హ్యాపెన్డ్ వన్ నైట్’ (1934). రాజ్ కపూర్ ‘చోరీ చోరీ’ చూసినవాళ్లకు కథ ముందే తెలుసు, అయినా మజా తగ్గదు. ‘హిజ్ గర్ల్ ఫ్రైడే’ (1940) మాత్రం మొదట్లోనే వద్దు. ఒకరి మీద ఒకరు పడి మాట్లాడతారు, సబ్‌టైటిల్స్ చదువుతూ ఉంటే ముఖాలు తప్పిపోతాయి.

చూసేటప్పుడు ఒక్క సంగతి. 1953కి ముందు సినిమాల ఫ్రేము దాదాపు చదరంగా ఉంటుంది, టీవీలో రెండు పక్కలా నల్లగా ఖాళీ వస్తుంది. దాన్ని నింపాలని జూమ్ నొక్కితే తలలు, కాళ్లు తెగిపోతాయి. టోలండ్ తీసిన ఆ ఫోన్ బూత్ లాంటివి ఫ్రేము అంచులు దాకా ఆలోచించి పెట్టినవి. టీవీలో కదలికలను నున్నగా చేసే మోషన్ స్మూతింగ్ సెట్టింగు కూడా ఆపెయ్యండి, లేదంటే సీరియల్‌లా కనిపిస్తుంది. తర్వాతెప్పుడో రంగులు వేసిన ప్రింట్ల జోలికి పోవద్దు. నలుపు తెలుపులోనే వెలుతురు పెట్టి తీసినవి అవి. కాపీరైట్ పోయినవాటికి ఉచిత ప్రింట్లు బోలెడు దొరుకుతాయి, చాలావరకు మసక మసకగా ఉంటాయి. కాస్త వెతికి, రీస్టోర్ చేసిన ప్రింటు పట్టుకుంటే ‘డబుల్ ఇండెమ్నిటీ’లో స్టాన్విక్ ఇంటి హాల్లో వెనీషియన్ బ్లైండ్స్ (అడ్డపట్టీల కిటికీ తెరలు) నీడలు గోడ మీద గీతలు గీతలుగా పడటం, ఆ వెలుగులో దుమ్ము తేలడం కూడా కనిపిస్తుంది.