చార్మినార్ రూపాయి ఎక్కడ కొనాలి: వాట్సాప్ గ్రూపులోనా, వేలం సంస్థ దగ్గరా?

నాణేలు సేకరిస్తానని తెలిసిన వాళ్లంతా ఈ మధ్య నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "ఆన్‌లైన్‌లో కొందామనుకుంటున్నా, మోసం లేని చోటు ఏదన్నా?" మోసం అసలే జరగని చోటు నేనింకా చూడలేదు. అయితే మోసపోయామని తెలిశాక మన చేతిలో ఏం మిగులుతుందన్నది మాత్రం చోటును బట్టి చాలా మారుతుంది. గత నెలలో ఒక నాణెం కోసం నేనూ గ్రూపా, వేలమా అని వారం రోజులు తేల్చుకోలేకపోయాను కాబట్టి, ఆ లెక్కంతా ఇక్కడ రాస్తున్నాను.

ఉదాహరణకి చార్మినార్ రూపాయినే తీసుకుందాం, అంటే హైదరాబాద్ నిజాముల కాలంలో చార్మినార్ బొమ్మతో వచ్చిన వెండి రూపాయి. ఆ బొమ్మలోని చార్మినార్ ద్వారంలో 'మీమ్' అనే ఉర్దూ అక్షరం ఉంటే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ది, 'అయిన్' ఉంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది. బరువు 11.18 గ్రాములు. 1940లలో వెండి పాలు తగ్గించిన వాటిని పక్కన పెడితే, ఒక్కోదాంట్లో 9 గ్రాములకి కాస్త పైనే వెండి ఉంటుంది. సైఫాబాద్ టంకశాలలో యంత్రాల మీద కొట్టినవి కాబట్టి బరువుల్లో పెద్ద తేడాలు రావు. నాసిరకం నకిలీని పట్టుకోవడానికి ఒక చిన్న డిజిటల్ త్రాసు, ఒక అయస్కాంతం, అంచు మీద పోత గీత (అచ్చులో పోసిన నకిలీకి ఉండే అతుకు గీత) ఉందేమో చూసే ఓపిక చాలు. ఈ నాణెం విషయంలో నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది నకిలీలు కూడా కాదు. నాణెం అసలుదే, దానికున్న దెబ్బను దాచి అమ్మారు.

నా మొదటి చార్మినార్ రూపాయి ఒక ఫేస్‌బుక్ పేజీలో 1,800కి కొన్నాను. ముందువైపు ఫొటో, వెనకవైపు ఫొటో, రెండూ శుభ్రంగా ఉన్నాయి. అమ్మిన వ్యక్తి నాణేన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని తీశాడు. పార్శిల్ వచ్చాక పై అంచును వేలితో తడిమితే గరుగ్గా తగిలింది. టంకం మచ్చ. ఎప్పుడో కొక్కెం అతికించి ఎవరో మెడలో వేసుకున్న నాణెం అది. తర్వాత కొక్కెం పీకేసి ఆ చోట ఆకురాయితో అరగదీశారు. ఫోన్ తీసి పాత ఫొటోలు మళ్లీ చూశాను. రెండింట్లోనూ బొటనవేలు సరిగ్గా ఆ మచ్చ మీదే ఉంది.

లంబాడీ ఆడవాళ్ల హారాల్లో వెండి రూపాయలు చూసే ఉంటారు. అలా ఒకరి మెడలో ఏళ్ల తరబడి ఉండి వచ్చిన నాణెమంటే నాకు చిన్నచూపేమీ లేదు. మచ్చ ఉందని ముందే చెప్పి ఉంటే, దానికి తగ్గ ధర ఇచ్చి సంతోషంగా తీసుకునేవాణ్ణి. మెసేజ్ పెడితే "ఫొటో చూసే కదా కొన్నారు" అని ఒకే ఒక్క జవాబు వచ్చింది. మర్నాటికి నన్ను బ్లాక్ చేశాడు.

అప్పటినుంచి నేను ఎక్కడ కొన్నా ముందు అడిగేది వాపసు గురించే. ధర, అరుదుదనం, గ్రేడు ఇవన్నీ తర్వాత. ఏడు రోజుల్లో తిరిగి పంపితే మాట లేకుండా డబ్బు ఇచ్చేస్తానని ముందే రాసిచ్చే మనిషికి లోపం దాచడం వల్ల ఒరిగేదేమీ ఉండదు. ప్యాకింగ్ ఖర్చు, స్పీడ్ పోస్ట్ ఖర్చు, వారం రోజుల ఆలస్యం, చివరికి అదే నాణెం మళ్లీ తన చేతికే వస్తుంది. అందుకని అలాంటివాళ్లు మచ్చను తామే ముందు చూపిస్తారు. ఇక వాపసు లేదనేవాళ్లంతా మోసగాళ్లని నేను అనను. వాళ్ల దగ్గర కొన్నప్పుడు తెలియనితనానికి పడే మూల్యమంతా కొన్నవాడిదే అవుతుంది, అంతే.

పాతవాళ్లకి పైసాపే గుర్తుండే ఉంటుంది. ఈబే ఇండియా నడిచిన రోజుల్లో మనం కట్టిన డబ్బు నేరుగా అమ్మినవాడికి వెళ్లేది కాదు. సరుకు మనకి చేరేదాకా మధ్యలో ఆగేది. 2018 ఆగస్టులో ఆ సైటు మూతపడ్డాక నాకు తెలిసిన సేకర్తల్లో చాలామంది వాట్సాప్, ఫేస్‌బుక్ గ్రూపుల్లోకి వచ్చేశారు. మనుషులు వాళ్లే, నాణేలూ అవే. మధ్యలో డబ్బు పట్టుకుని కూర్చునేవాడు మాత్రం లేకుండా పోయాడు. ఇప్పుడు యూపీఐలో డబ్బు ముందు వెళ్తుంది, నాణెం వారానికి వస్తుంది. ఆ వారం రోజులూ మనకున్నది అవతలి మనిషి పేరు ఒక్కటే.

గ్రూపుల గొప్పతనమూ ఆ పేరులోనే ఉంది. నేనున్న గ్రూపులో రెండు వందల మందికి లోపే ఉంటాం. రాత్రి తొమ్మిదికి వేలం మొదలై పదింటికి ముగుస్తుంది, యాభై చొప్పున పెంచుకుంటూ పోవాలి. చివరి నిమిషంలో బిడ్ పడితే ఇంకో రెండు నిమిషాలు పొడిగిస్తారు. ఎవరు ఎంత పెంచారో అందరికీ పేరుతో సహా కనపడుతుంది. ఎవరైనా మచ్చ దాచి అమ్మితే మర్నాడు ఆ ఫొటోలు గ్రూపులోనే పడతాయి, అడ్మిన్ అన్న ఇద్దరినీ ఫోన్‌లో కూర్చోబెట్టి మాట్లాడతాడు. డబ్బు తిరిగివ్వని మనిషిని తీసేస్తే, ఆ కబురు సాయంత్రానికల్లా మిగతా గ్రూపులకీ చేరుతుంది. పదేళ్లుగా ఒకే పేరుతో అమ్ముతున్నవాళ్లకి ఇది కోర్టు నోటీసు కంటే పెద్ద భయం. నిన్న కొత్త సిమ్‌తో చేరినవాడికి మాత్రం ఇదేం పట్టదు. అందుకే గ్రూపంటే నా ఉద్దేశం ఇలాంటి పాత, చిన్న గ్రూపు. లింకు నొక్కితే ఎవరైనా చేరిపోయే వేలమంది గ్రూపుల గురించి నేను మాట్లాడటం లేదు.

వేలం సంస్థల దారి వేరు. ముంబైలో టోడీవాలా, బెంగళూరులో మరుధర్ ఆర్ట్స్, అహ్మదాబాద్‌లో క్లాసికల్ న్యూమిస్మాటిక్ గ్యాలరీ లాంటివి కేటలాగు వేసి, ఇంట్లో కూర్చునే బిడ్ వేసే ఏర్పాటుతో వేలం నడుపుతాయి. నాణేన్ని చూసి, ఏమిటో రాసి, అచ్చు వేసింది ఒక సంస్థ కాబట్టి, రేపు తేడా వస్తే అడగడానికి ఒక చిరునామా, ఒక బిల్లు ఉంటాయి. ఖరీదైన నాణేలకి ఇది చాలా పెద్ద విషయం. బ్రిటిష్ కాలపు 1939 ఆరో జార్జ్ రూపాయి సంగతే చూడండి. అరుదైంది కాబట్టి వేరే ఏడాది నాణెం మీద అంకె మార్చి అమ్మే ప్రయత్నాలు ఎప్పట్నుంచో ఉన్నాయి. అలాంటిది ఎంత నమ్మకస్తుడు పెట్టినా నేను గ్రూపులో కొనను. అమ్మేవాడు నిజాయితీపరుడే అయినా, అంతకుముందు అతనే మోసపోయి ఉండొచ్చు.

ఇక అక్కడి ఇబ్బందులు. మనం గెలిచిన ధర మీద సంస్థ కమిషను, పైన జీఎస్టీ, పోస్టు ఖర్చు. రెండు వేలు పలికే నాణేనికి ఇది బరువే. చాలా కేటలాగుల్లో నాణేలు ఉన్నవి ఉన్నట్టుగా అమ్ముతామనే షరతు ఉంటుంది. నకిలీ అని తేలితే వెనక్కి తీసుకోవడం ఒక సంగతి, "అనుకున్నంత బాగాలేదు" అంటే తీసుకోవడం ఇంకో సంగతి. ఆ షరతులు బిడ్ వేయకముందే చదవాలి, వీలైతే వేలానికి ముందు నాణేలు చూపించే రోజున వెళ్లి చేత్తో పట్టుకుని చూడాలి. పైగా ఎదుటి బిడ్ వేసింది ఎవరో మనకి తెలియదు, నంబరే కనపడుతుంది. సరుకుల అమ్మకం చట్టం 1930లో 64వ సెక్షన్ ప్రకారం, ముందుగా ప్రకటించకుండా అమ్మేవాడు తానే పాడుకున్నా, తన తరఫున ఇంకొకరితో పాడించినా ఆ అమ్మకాన్ని మోసంగా పరిగణించే హక్కు కొన్నవాడికి ఉంది. హక్కు ఉన్నా నిరూపించేదెలా? గ్రూపులో అయితే ఒకే స్నేహితుడు ఒకే అమ్మకందారు వస్తువుల మీద ప్రతిసారీ ధర పెంచి చివర్లో తప్పుకుంటుంటే నాలుగు వారాల్లో అందరికీ అర్థమైపోతుంది.

అమ్మేవాళ్ల గురించే చెప్పి ఊరుకుంటే అన్యాయం అవుతుంది. వాపసు సౌకర్యాన్ని పాడు చేసింది చాలావరకు కొనేవాళ్లే. గెలిచాక "ఇంట్లో ఒప్పుకోలేదు" అని మాయమయ్యేవాళ్లు, మంచి నాణెం ఉంచుకుని తమ దగ్గరున్న అరిగిపోయినదాన్ని తిరిగి పంపేవాళ్లు, నాణేన్ని చింతపండుతో తోమేసి "మెరుపు నచ్చలేదు" అంటూ వెనక్కి పంపేవాళ్లు. తోమిన వెండిని బల్బు కింద అటూ ఇటూ వంచి చూస్తే తెలిసిపోతుంది. తోమని మంచి నాణెం మీద వెలుగు చక్రం ఆకుల్లా తిరుగుతుంది. తోమినదాని మీద సన్నటి గీతలు కనపడి, వెలుగు తెల్లగా ఒకే చోట ఉండిపోతుంది. దాని మీద వందేళ్ల నుంచి పట్టిన రంగు పోయాక ఎవరు తిరిగి తీసుకుంటారు? అందుకే ఇప్పుడు మా గ్రూపులో రెండు వైపులా వీడియో నియమం పెట్టుకున్నాం. అమ్మేవాళ్లు నాణేన్ని త్రాసు మీద పెట్టి, అంచు చుట్టూ తిప్పుతూ పది సెకన్లు తీయాలి. కొన్నవాళ్లు పార్శిల్ సీలు కత్తిరించడం దగ్గర్నుంచి ఆపకుండా తీయాలి. ఈ నియమం వచ్చాక గొడవలు బాగా తగ్గాయి.

మిగతా దారుల గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. నాణేన్ని పరీక్షించి గ్రేడు ఇచ్చే పీసీజీఎస్, ఎన్‌జీసీ సంస్థలు డబ్బాల్లో సీలు చేసిన నాణేలు కొంటే డబ్బా మీది నంబరును వాళ్ల సైట్లో చూసుకోండి, డబ్బాలకీ నకిలీలున్నాయి. మామూలు చార్మినార్ రూపాయికి ఆ ఖర్చు దండగ. క్లాసిఫైడ్ యాప్‌ల్లో "మీ ఐదు రూపాయల నాణేనికి లక్షలు" అనేవాళ్ల జోలికి పోవద్దు. ఆర్‌బీఐ పేరు చెప్పి కమిషన్, పన్ను అంటూ డబ్బు అడిగేవాళ్ల గురించి ఆర్‌బీఐ 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అమెరికాలో ఉన్న మనవాళ్లు కూడా అడుగుతుంటారు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు, ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. "పార్శిల్‌లో వేరేది అని రాసి పంపిస్తా" అనే అమ్మకందారు కస్టమ్స్‌తోనే అబద్ధం ఆడుతున్నాడు, మీతో నిజం చెబుతాడని ఎలా నమ్ముతారు? అక్కడే ఉన్న డీలర్ల దగ్గర నిజాం నాణేలు దొరుకుతాయి. అక్కడి ఈబేలో అయితే చెప్పినట్టు లేని వస్తువుని 30 రోజుల్లోపు ఫిర్యాదు చేసి వెనక్కి పంపే వీలు ఇప్పటికీ ఉంది.

నా లెక్క ఇది: పదివేలు దాటితే, లేదా నకిలీలు ఎక్కువగా తిరిగే నాణెమైతే వేలం సంస్థ. అంతకు లోపు పాత, చిన్న గ్రూపు. గత నెల నేను కొన్నదీ గ్రూపులోనే. అమ్మింది వరంగల్ పెద్దాయన, బ్యాంకులో చేసి రిటైరయ్యారు. ఉస్మాన్ అలీ ఖాన్ రూపాయి పెడుతూ ఆయన వేసిన మొదటి ఫొటో ముందువైపుదీ కాదు, వెనకవైపుదీ కాదు. అంచుది. టంకం మచ్చ చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి ఉంది. "వాపసు ఉందా సార్" అని అడిగితే ఫోనే చేశారు. "చూసుకో తమ్ముడూ, చేతికొచ్చినంక నచ్చకపోతే పంపెయ్, పోస్టు ఖర్చు కూడా నేనే పెట్టుకుంటా" అన్నారు.

నాణెం వచ్చింది. వీడియో తీస్తూ సీలు కత్తిరించి, ముందు ఆ మచ్చనే తడిమి చూశాను. ఫొటోలో చూపించినంతే ఉంది. దాన్ని నా మొదటి చార్మినార్ రూపాయి పక్కనే పెట్టుకున్నాను. ఈ ఆదివారం నా దగ్గర అదనంగా ఉన్న రెండు 'మీమ్' రూపాయలు గ్రూపులో పెడుతున్నాను. ఒకదాని అంచు నొక్కుకుపోయింది, ఆ ఫొటోనే ముందు వేస్తాను. ఏడు రోజుల వాపసు.